ఒకే మానిటర్, కీబోర్డు, మౌస్‌తో రెండు మూడు కంప్యూటర్లు వాడుకోవడం: సమగ్ర మార్గదర్శి

ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి, సొంత డెస్క్‌టాప్ ఒకటి, నేర్చుకోవడానికో ప్రయోగాలకో పెట్టుకున్న రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్ ఒకటి, ఇవన్నీ ఒకే బల్ల మీద చేరడం ఇంటి నుంచి పనిచేసే చాలామందికి ఇప్పుడు మామూలైపోయింది. ఒక్కోదానికి ఒక్కో మానిటర్ పెట్టేంత చోటు అందరి ఇళ్లలోనూ ఉండదు. చోటున్నా, చేతికి అలవాటైన కీబోర్డును వదిలి గంటకోసారి మరోదాని మీదికి మారడం రోజంతా టైపు చేసేవారికి నిజంగానే బాధ. ఒకే జత పరికరాలను అన్ని కంప్యూటర్లకూ వాడుకోవడానికి నమ్మదగిన పద్ధతులు నాలుగైదు ఉన్నాయి. వాటిలో మీ బల్లకు సరిపోయేది ఎంచుకోవడం, దాన్ని అమర్చుకోవడం, ఆ తర్వాత తలెత్తే చిక్కులను విప్పుకోవడం ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకుంటే తర్వాతివన్నీ సులువుగా అర్థమవుతాయి. కీబోర్డు, మౌస్‌లను పంచుకోవడం తేలిక, తెరను పంచుకోవడం కష్టం. మామూలు కీబోర్డు సెకనుకు 1.5 మెగాబిట్ల వేగంతో నడిచే యూఎస్‌బీతోనే సరిపెట్టుకుంటుంది. అదే 4కే తెర మీద సెకనుకు 60 సార్లు బొమ్మ మారాలంటే, 3840 × 2160 చుక్కలకు చుక్కకు 24 బిట్ల చొప్పున లెక్క వేస్తే, సెకనుకు దాదాపు 12 గిగాబిట్ల సమాచారం తెగకుండా ప్రవహించాలి. మీరు కొనబోయే పరికరం ధర, కేబుల్ నాణ్యత, ఎదురయ్యే ఇబ్బందులు చాలావరకు ఈ తేడా నుంచే పుడతాయి. అందువల్ల డబ్బును, శ్రద్ధను మొదట బొమ్మ నడిచే దారి మీద పెట్టండి.

మొదటి మెట్టు: పోర్టులన్నీ చూసి రాసుకోండి

ఏదైనా కొనే ముందు ఒక కాగితం మీద ప్రతి కంప్యూటర్ పేరు రాసి, దాని కింద బొమ్మ బయటికి వచ్చే పోర్టు ఏదో రాయండి: హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్, టైప్-సీ, పాత యంత్రమైతే వీజీఏ. టైప్-సీ పోర్టులన్నీ బొమ్మను పంపవని గుర్తుంచుకోండి. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ, థండర్‌బోల్ట్ తాలూకు మెరుపు గుర్తు గానీ ఉంటే పంపుతుంది. ఏ గుర్తూ లేకపోతే తయారీదారు వెబ్‌సైట్‌లో ఆ మోడల్ వివరాలు చూసి నిర్ధారించుకోవాలి. రాస్ప్‌బెర్రీ పై 4, 5 బోర్డుల్లో ఉండేది మైక్రో హెచ్‌డీఎంఐ కాబట్టి దానికి వేరే కేబులో, చిన్న అడాప్టరో కావాలి. ప్రతి కంప్యూటర్‌కూ కనీసం ఒక యూఎస్‌బీ పోర్టు ఖాళీగా ఉందో లేదో కూడా చూసుకోండి.

తర్వాత మానిటర్ వెనక్కి వెళ్లండి. బొమ్మను తీసుకునే పోర్టులు ఎన్ని ఉన్నాయి, ఏవి ఉన్నాయి, తెర పూర్తి రిజల్యూషన్ (చుక్కల సంఖ్య) ఎంత, రిఫ్రెష్ రేటు (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందన్నది) ఎన్ని హెర్ట్జ్‌లు అన్నవి రాసుకోండి. ప్రింటర్‌కు వాడే చదరపు యూఎస్‌బీ పోర్టు గనక మానిటర్‌కు ఉంటే ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి. దానర్థం మానిటర్‌లోనే యూఎస్‌బీ హబ్ ఉందని, అది మీ ఖర్చును తగ్గించవచ్చు.

అడాప్టర్లతో సర్దుకుందామనుకునేవారు దిక్కును గమనించాలి. కంప్యూటర్‌లోని డిస్‌ప్లేపోర్ట్ నుంచి మానిటర్‌లోని హెచ్‌డీఎంఐకి వెళ్లడానికి మామూలు చవక అడాప్టర్ చాలాసార్లు చాలు. కంప్యూటర్‌లోని హెచ్‌డీఎంఐ నుంచి మానిటర్‌లోని డిస్‌ప్లేపోర్ట్‌కు వెళ్లాలంటే మాత్రం సిగ్నల్‌ను మార్చే, విడిగా పవర్ తీసుకునే కన్వర్టర్ కావాలి. రెండు కొసలూ సరిపోయాయని తప్పు దిక్కు కేబుల్ కొంటే తెర మీద ఏమీ రాదు.

రెండో మెట్టు: మీకు ఏ పద్ధతి సరిపోతుందో తేల్చుకోండి

రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకుంటే ఇది తేలిపోతుంది. ప్రతి కంప్యూటర్‌కూ దాని సొంత తెర ఉందా? ప్రతి కంప్యూటర్‌లోనూ మీకు నచ్చిన సాఫ్ట్‌వేర్ వేసుకునే హక్కు మీకుందా? రెండింటికీ అవునని చెప్పగలిగితే పైసా ఖర్చు లేకుండా సాఫ్ట్‌వేర్‌తోనే కీబోర్డు, మౌస్‌లను పంచుకోవచ్చు. డెస్క్‌టాప్‌కూ రాస్ప్‌బెర్రీ పైకీ సొంత తెర ఉండదు, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మీ ఇష్టానికి ప్రోగ్రాములు వేయనివ్వరు. ఈ రెండు సందర్భాల్లోనూ పరికరమే దిక్కు.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. రెండో కంప్యూటర్ తెరను నిజంగా రోజూ చూడాలా? రాస్ప్‌బెర్రీ పై లాంటిది వారానికోసారి ఆదేశాలు ఇవ్వడానికే అయితే మరో కంప్యూటర్‌కు ఆదేశాలు టైపు చేసి పంపే ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతితో నెట్‌వర్క్ ద్వారా లోపలికి వెళ్లడం అన్నిటికంటే సులువు, దానికి ఏ తీగా అక్కర్లేదు. విండోస్ యంత్రమైతే దాని తెరను మీ కంప్యూటర్‌లోనే చూపే రిమోట్ డెస్క్‌టాప్ ఉంది. అయితే బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను స్వీకరించే సౌకర్యం విండోస్ ప్రో, ఆపై ఎడిషన్లలోనే ఉంటుంది, హోమ్ ఎడిషన్‌లో ఉండదు. ఇవి చాలనుకునేవారు పరికరం కొనకుండా ఇక్కడితో ఆగిపోవచ్చు.

తక్కువ ఖర్చు దారి: యూఎస్‌బీ స్విచ్, మానిటర్ సొంత పోర్టులు

మానిటర్‌కు బొమ్మ తీసుకునే పోర్టులు రెండు మూడు ఉంటే నేను మొదట సూచించేది ఇదే, ఎందుకంటే బొమ్మ దారిలో మధ్యన ఏ పరికరమూ ఉండదు. ప్రతి కంప్యూటర్ నుంచీ మానిటర్‌కు నేరుగా ఒక కేబుల్ పెట్టండి. కీబోర్డు, మౌస్‌లను యూఎస్‌బీ స్విచ్ అనే చిన్న డబ్బాకు తగిలించి, దాని నుంచి ప్రతి కంప్యూటర్‌కూ ఒక యూఎస్‌బీ తీగ లాగండి. స్విచ్ మీది బటన్ నొక్కితే కీబోర్డు, మౌస్ అవతలి కంప్యూటర్‌కు మారతాయి. మానిటర్ కింది బటన్‌తో ఇన్‌పుట్ మార్చుకుంటే తెర మారుతుంది. 144 హెర్ట్జ్ తెర ఉన్నవారికి, ఆటలు ఆడేవారికి బొమ్మ నాణ్యత ఏమాత్రం తగ్గని మార్గం ఇది.

ఇందులో అసౌకర్యమల్లా రెండు చోట్ల బటన్లు నొక్కాల్సి రావడం. దాన్ని కూడా తప్పించుకోవచ్చు. మానిటర్లలో చాలావాటికి డీడీసీ/సీఐ అనే సౌకర్యం ఉంటుంది. దీని ద్వారా కంప్యూటరే అదే వీడియో కేబుల్ మీదుగా మానిటర్‌కు ఆదేశాలు పంపగలదు. ముందు మానిటర్ మెనూలో డీడీసీ/సీఐ ఆన్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత లినక్స్‌లో డీడీసీయుటిల్, విండోస్‌లో కంట్రోల్ మై మానిటర్ అనే ఉచిత ప్రోగ్రాము వేసుకోండి. ఇన్‌పుట్ ఎంపికకు హెక్సాడెసిమల్‌లో 60 అనే కోడ్ కేటాయించారు. ఆ కోడ్‌కు విలువగా మామూలు దశాంశ సంఖ్యల్లో 15 పంపితే మొదటి డిస్‌ప్లేపోర్ట్, 17 పంపితే మొదటి హెచ్‌డీఎంఐ, 18 పంపితే రెండో హెచ్‌డీఎంఐ తెరుచుకోవాలన్నది ప్రమాణం. టైప్-సీ విషయంలో తయారీదారులు వేర్వేరు సంఖ్యలు వాడతారు కాబట్టి, మొదట మానిటర్‌ను ఆ ఇన్‌పుట్‌లో పెట్టి ప్రస్తుత విలువ ఎంతో చదివి, ఆ సంఖ్యనే రాసుకోవడం సరైన విధానం. ఆ ఆదేశాన్ని ఒక షార్ట్‌కట్ కీకి జోడిస్తే మానిటర్ బటన్ వెతుక్కునే పని ఉండదు.

డిస్‌ప్లే స్విచ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము ఇంకో అడుగు ముందుకు వెళ్తుంది. మీ కీబోర్డు ఈ కంప్యూటర్‌కు వచ్చిందా, పోయిందా అని అది యూఎస్‌బీని గమనిస్తూ ఉంటుంది. వచ్చిన వెంటనే మానిటర్‌ను తనవైపు తిప్పుకుంటుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. మీరు నొక్కేది యూఎస్‌బీ స్విచ్ బటన్ ఒక్కటే, తెర దానంతటదే వెంట వస్తుంది. దీన్ని ఒక్క కంప్యూటర్‌లోనే వేయగలిగినా ఫరవాలేదు, కీబోర్డు వెళ్లిపోయినప్పుడు అవతలి ఇన్‌పుట్‌కు మార్చమని అదే ప్రోగ్రాముకు చెప్పవచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ముట్టుకోకుండా సొంత డెస్క్‌టాప్ నుంచే పని జరిపించుకోవడానికి ఇది మంచి ఉపాయం.

పూర్తి స్థాయి దారి: కేవీఎం స్విచ్

మానిటర్‌కు పోర్టు ఒక్కటే ఉన్నా, మూడు నాలుగు యంత్రాలు ఉన్నా, ఒక్క నొక్కుతో అన్నీ మారాలన్నా కేవీఎం (కీబోర్డు, వీడియో, మౌస్) స్విచ్ కావాలి. సర్వర్ గదుల్లో పదుల కొద్దీ యంత్రాలను ఒకే తెర ముందు కూర్చుని నడపడానికి వాడేది ఈ పరికరాన్నే. ఇళ్లకు రెండు లేదా నాలుగు పోర్టులవి సరిపోతాయి. కొనేటప్పుడు నాలుగు విషయాలు చూడాలి, వాటిలో రెండోదాన్ని అంగడిలో ఎవరూ మీకు చెప్పరు.

మొదటిది బొమ్మ సామర్థ్యం. 4కే అని అట్ట పెట్టె మీద పెద్దక్షరాలతో ఉన్నంత మాత్రాన సరిపోదు. హెచ్‌డీఎంఐ 1.4 స్విచ్ 4కే బొమ్మను 30 హెర్ట్జ్‌ల వద్దే ఇస్తుంది, అప్పుడు మౌస్ బాణం కదిలినప్పుడల్లా ఎగిరెగిరి పడుతున్నట్టు కనిపించి కళ్లు అలసిపోతాయి. 4కే 60 హెర్ట్జ్ కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ తప్పనిసరి. 1920 × 1080 తెరకు పాత హెచ్‌డీఎంఐ 1.4 స్విచ్ హాయిగా చాలు, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

రెండోది ఈడీఐడీ ఎమ్యులేషన్. దీన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. మానిటర్‌లో 128 బైట్ల మూల ప్రమాణంతో ఒక చిన్న సమాచార పట్టిక ఉంటుంది. అందులో తయారీదారు గుర్తు, మోడల్, తెర చూపగల రిజల్యూషన్లు ఉంటాయి. కేబుల్ పెట్టగానే కంప్యూటర్ ఆ పట్టికను చదివి, దాని ప్రకారం బొమ్మ పంపుతుంది. హెచ్‌డీఎంఐ కనెక్టర్‌లోని 19 పిన్నుల్లో చివరిదాని ముఖ్యమైన పని: అవతల మానిటర్ ఉందా లేదా అని కంప్యూటర్‌కు తెలపడం. చవక కేవీఎం స్విచ్‌లో బటన్ నొక్కితే, మానిటర్ కేబుల్‌ను చేత్తో ఊడబీకి మరో కంప్యూటర్‌కు పెట్టినప్పుడు ఏం జరుగుతుందో అదే జరుగుతుంది. మొదటి కంప్యూటర్ తన మానిటర్ పోయిందనుకుంటుంది. ల్యాప్‌టాప్ అయితే తెరిచి ఉన్న విండోలన్నిటినీ తన చిన్న తెర మీదికి లాక్కుంటుంది. తిరిగి వచ్చేసరికి వాటి పరిమాణాలు, చోట్లు మారిపోయి ఉంటాయి. ఈడీఐడీ ఎమ్యులేషన్ ఉన్న స్విచ్ ఆ పట్టిక నకలును తన దగ్గర ఉంచుకుని, మీరు ఎటు చూస్తున్నా ప్రతి కంప్యూటర్‌కూ మానిటర్ ఇంకా ఉన్నట్టే చెబుతుంది. విండోలు కదలవు, మారడం కూడా త్వరగా అవుతుంది. రోజుకు ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ మారేవారికి దీని కోసం పెట్టే అదనపు సొమ్ము తప్పకుండా గిట్టుబాటవుతుంది.

మూడోది కీబోర్డు, మౌస్‌లను స్విచ్ ఎలా చూస్తుందన్నది. కొన్ని స్విచ్‌లు తామే ఒక మామూలు కీబోర్డుగా నటిస్తాయి. అందువల్ల కంప్యూటర్ ఎప్పుడూ కీబోర్డు ఉన్నట్టే భావిస్తుంది, కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే మూల సెట్టింగులైన బయోస్‌లోకి వెళ్లేటప్పుడు కూడా కీలు పనిచేస్తాయి. కానీ ధ్వని మీటలు, రంగుల లైట్లు, మౌస్ పక్కనున్న అదనపు బటన్లు వంటివి పనిచేయకపోవచ్చు. ఇంకొన్ని స్విచ్‌లు అసలు పరికరాన్ని ఉన్నదున్నట్టు అవతలికి అప్పగిస్తాయి, అప్పుడు అన్ని బటన్లూ పనిచేస్తాయి గానీ మారిన ప్రతిసారీ ఒకటి రెండు సెకన్లు ఆగాలి. మామూలు కీబోర్డుకు మొదటి రకం, మెకానికల్ కీబోర్డు, ప్రత్యేక మౌస్ వాడేవారికి రెండో రకం మేలు.

నాలుగోది పవర్. చిన్న స్విచ్‌లు కంప్యూటర్ల యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వగలిగేది 500 మిల్లీఆంపియర్లే కాబట్టి, లైట్లున్న కీబోర్డు, వెబ్‌క్యామ్, హెడ్‌సెట్ అన్నీ దానికే తగిలిస్తే ఏదో ఒకటి మధ్యలో ఆగిపోతుంది. విడిగా 5 వోల్టుల అడాప్టర్ పెట్టుకునే వీలున్నది తీసుకోండి.

కేబుళ్లు పెట్టే క్రమం

అన్ని కంప్యూటర్లనూ షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర స్విచ్‌లు కూడా ఆపండి. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో డెస్క్‌టాప్ క్యాబినెట్‌ను ముట్టుకుంటే చేయి జిమ్మనడం చాలామందికి అనుభవమే. అలాంటి చోట కరెంటు ఉండగా హెచ్‌డీఎంఐ పెట్టడం వల్ల పోర్టులు కాలిపోయే ప్రమాదం ఉంది. వీలైతే మానిటర్, కంప్యూటర్లు, కేవీఎం అడాప్టర్ అన్నిటినీ ఎర్తింగ్ ఉన్న ఒకే బోర్డు నుంచి నడపండి. యూపీఎస్ ఉంటే కేవీఎం అడాప్టర్‌ను కూడా దానికే పెట్టండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ నడుస్తూనే ఉన్నా తెర, కీబోర్డు రెండూ చేతిలోంచి జారిపోతాయి.

మొదట కేవీఎం నుంచి మానిటర్‌కు వెళ్లే కేబుల్ పెట్టండి. తర్వాత కీబోర్డు, మౌస్‌లను వాటి బొమ్మలు వేసి ఉన్న పోర్టులకే పెట్టండి. పక్కనున్న మామూలు హబ్ పోర్టులో పెట్టినా టైపింగ్ పనిచేస్తుంది గానీ, కీలతో కంప్యూటర్ మార్చే సౌకర్యం చాలా స్విచ్‌ల్లో కీబోర్డు పోర్టుకే పరిమితం. ఇప్పుడు మొదటి కంప్యూటర్ నుంచి వచ్చే వీడియో కేబుల్‌ను, యూఎస్‌బీ కేబుల్‌ను కేవీఎం మీద 1 అని ఉన్న జతకు, రెండోదానివి 2 అని ఉన్న జతకు పెట్టండి. వీడియో ఒక సంఖ్యకు, యూఎస్‌బీ మరో సంఖ్యకు పడితే ఒక కంప్యూటర్ తెర కనిపిస్తూ ఉండగా టైపు చేసింది మరో కంప్యూటర్‌లోకి వెళ్తుంది. అందుకే ప్రతి కేబుల్ రెండు కొసలకూ చిన్న చీటీ అంటించి కంప్యూటర్ పేరు రాయడం మంచిది. చివరగా కేవీఎంకు పవర్ ఇచ్చి, మానిటర్ ఆన్ చేసి, 1కి మార్చి మొదటి కంప్యూటర్‌ను, అది పూర్తిగా లేచాక 2కి మార్చి రెండోదాన్ని ఆన్ చేయండి. ఈడీఐడీ ఎమ్యులేషన్ లేని స్విచ్‌లో ఈ వరుస తప్పనిసరి, ఎందుకంటే ఆన్ అయ్యే సమయంలో మానిటర్ కనిపించకపోతే రాస్ప్‌బెర్రీ పై వంటివి తప్పుడు రిజల్యూషన్ ఇవ్వవచ్చు, ఒక్కోసారి బొమ్మే ఇవ్వకపోవచ్చు.

కేబుల్ పొడవు విషయంలో కంప్యూటర్ నుంచి కేవీఎంకు, కేవీఎం నుంచి మానిటర్‌కు ఉన్న రెండు ముక్కలనూ కలిపి లెక్కించాలి. 4కే 60 హెర్ట్జ్ వద్ద ఒక్కోటీ మీటరున్నర దాటకుండా చూసుకుంటే బొమ్మ ఆగి ఆగి నల్లబడే బాధ చాలావరకు ఉండదు.

కీలతో మారే పద్ధతి ఒక్కో తయారీదారుకు ఒక్కోలా ఉంటుంది. స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కి కంప్యూటర్ సంఖ్య నొక్కడం చాలా స్విచ్‌ల్లో ఉన్న ఏర్పాటు. కొన్నిటిలో కంట్రోల్ రెండుసార్లు నొక్కాలి. ఎక్సెల్‌లో రోజంతా పనిచేసేవారికి స్క్రోల్ లాక్ పద్ధతి కొంచెం చిరాకు, ఎందుకంటే అది పొరపాటున ఆన్‌లో ఉండిపోతే బాణం కీలు గడి మార్చకుండా షీటునంతా జరుపుతాయి. ఇంటెల్లీజే వాడే ప్రోగ్రామర్లకు కంట్రోల్ రెండుసార్లు నొక్కడం ఇబ్బంది, ఆ సాఫ్ట్‌వేర్ అదే సైగకు తన సొంత మెనూ తెరుస్తుంది. మాన్యువల్ చూసి మీ పనికి అడ్డురాని కీని ఎంచుకోండి, లేదా తీగతో వచ్చే బల్ల బటన్ ఉన్న స్విచ్ కొనండి.

మానిటర్‌లోనే కేవీఎం ఉంటే

డెల్, ఎల్‌జీ, బెన్‌క్యూ, గిగాబైట్ తదితర సంస్థల కొన్ని మానిటర్లలో ఈ సౌకర్యం లోపలే ఉంటుంది. ల్యాప్‌టాప్‌ను ఒకే టైప్-సీ తీగతో పెడితే బొమ్మ, యూఎస్‌బీ, చార్జింగ్ మూడూ దాని మీదే నడుస్తాయి. డెస్క్‌టాప్‌కు వీడియో కేబుల్‌తో పాటు ఆ చదరపు యూఎస్‌బీ పోర్టు నుంచి మరో తీగ పెట్టాలి. తర్వాత మానిటర్ మెనూలో ఏ ఇన్‌పుట్‌కు ఏ యూఎస్‌బీ తీగ జోడీయో చెప్పాలి. ఈ చివరి పని చాలామంది చేయరు, అందువల్లే తెర మారినా కీబోర్డు మారడం లేదని ఫిర్యాదు చేస్తారు. కొత్త మానిటర్ ఎలాగూ కొనబోతున్నవారు విడిగా కేవీఎం కొనే బదులు ఇలాంటిదాన్ని పరిశీలించడం అన్ని విధాలా మంచిది.

సాఫ్ట్‌వేర్ దారి

పక్కపక్కనే రెండు ల్యాప్‌టాప్‌లు తెరిచి ఉన్నప్పుడు ఈ పద్ధతి బాగుంటుంది. మౌస్ బాణాన్ని ఒక తెర అంచు దాటిస్తే అది పక్క కంప్యూటర్ తెర మీదికి వెళ్తుంది, కీబోర్డు దాని వెంటే వెళ్తుంది. కాపీ చేసిన వాక్యాన్ని అవతల పేస్ట్ చేయవచ్చు.

అన్నీ విండోస్ అయితే మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లో ఉన్న మౌస్ వితౌట్ బోర్డర్స్ వాడండి. 2023 నుంచి ఇది అందులో భాగం. మొదటి కంప్యూటర్‌లో కొత్త సెక్యూరిటీ కీ తయారుచేసి, ఆ కీని, కంప్యూటర్ పేరును రెండోదానిలో ఇస్తే కలిసిపోతాయి. నాలుగు కంప్యూటర్ల వరకు వీలుంది. మ్యాక్, ఐప్యాడ్‌లకు యాపిల్ వారి యూనివర్సల్ కంట్రోల్ ఉంది. మ్యాక్‌ఓఎస్ 12.3, ఐప్యాడ్‌ఓఎస్ 15.4 నుంచి పనిచేస్తుంది, అన్నిటిలో ఒకే యాపిల్ ఖాతా ఉండాలి.

విండోస్, లినక్స్, మ్యాక్ కలగలిసి ఉంటే డెస్క్‌ఫ్లో గానీ ఇన్‌పుట్ లీప్ గానీ వేసుకోండి. రెండూ సినర్జీ అనే పాత ప్రోగ్రాము వంశానివే, ఉచితం. నిజమైన కీబోర్డు తగిలి ఉన్న కంప్యూటర్‌ను సర్వర్‌గా, మిగిలినవాటిని క్లయింట్‌లుగా పెట్టాలి. సర్వర్ సెట్టింగుల్లోని గళ్ల పటంలో బల్ల మీద తెరలు ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో బొమ్మలు పెట్టి, ప్రతిదానికీ క్లయింట్ చూపించే పేరునే అక్షరం తేడా లేకుండా ఇవ్వాలి. క్లయింట్‌లో సర్వర్ ఐపీ చిరునామా ఇవ్వగానే వేలిముద్ర వంటి ఒక పొడవాటి కోడ్ చూపి అనుమతి అడుగుతుంది, సర్వర్‌లో ఉన్న కోడ్‌తో పోల్చి చూసి ఒప్పుకోండి. మ్యాక్ అయితే యాక్సెసిబిలిటీ అనుమతి కూడా ఇవ్వాలి. లినక్స్‌లో తెరను నడిపే కొత్త వ్యవస్థ అయిన వేలాండ్ వాడుతున్నవారు ఈ ప్రోగ్రాముల కొత్త విడుదలలనే వేసుకోవాలి, బ్యారియర్ అనే పాతది వేలాండ్‌లో పనిచేయదు.

డెస్క్‌ఫ్లో, ఇన్‌పుట్ లీప్‌లతో కంప్యూటర్లు కలవకపోతే మూడు చోట్ల చూడండి. ఫైర్‌వాల్‌లో 24800 అనే నెట్‌వర్క్ పోర్టుకు అనుమతి ఉందా, రెండు కంప్యూటర్లూ ఒకే వైఫైలో ఉన్నాయా లేక ఒకటి అతిథుల నెట్‌వర్క్‌లో ఉందా, ఏదైనా ఒకదానిలో వీపీఎన్ నడుస్తోందా అన్నవే అవి. ఆఫీసు వీపీఎన్ ఆన్ కాగానే ఇంటి నెట్‌వర్క్‌తో సంబంధం తెగిపోయేలా చాలా సంస్థలు ఏర్పాటు చేస్తాయి.

తెలుగులో టైపు చేసేవారికి

కేవీఎం స్విచ్ కీబోర్డు మీద ఏ మీట నొక్కారో ఆ సమాచారాన్ని మాత్రమే పంపుతుంది. దాన్ని ఏ అక్షరంగా మార్చాలన్నది అవతలి కంప్యూటర్ ఇష్టం. కాబట్టి ప్రతి కంప్యూటర్‌లోనూ ఇన్‌స్క్రిప్ట్ గానీ, మీరు వాడే మరో లేఅవుట్ గానీ విడివిడిగా పెట్టుకుంటే చాలు. ఒకదానిలో తెలుగు, మరోదానిలో ఇంగ్లీషు ఉన్నా ఏదీ కలగాపులగం కాదు. భాష మార్చే కీ విండోస్‌లో విండోస్ కీతో పాటు స్పేస్, గ్నోమ్ లినక్స్‌లోనూ అదే, మ్యాక్‌లో కంట్రోల్‌తో పాటు స్పేస్. విండోస్ కీబోర్డును మ్యాక్‌కు పెట్టినప్పుడు ఆల్ట్, విండోస్ మీటలు తారుమారైనట్టు అనిపిస్తాయి, మ్యాక్ కీబోర్డు సెట్టింగుల్లోని మోడిఫయర్ కీల దగ్గర వాటిని అటూ ఇటూ మార్చుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ పద్ధతిలో సంగతి వేరు. డెస్క్‌ఫ్లో వంటివి మీట ఏ అక్షరమో సర్వర్‌లోనే తేల్చి ఆ అక్షరాన్ని పంపుతాయి. సర్వర్‌లో తెలుగు లేఅవుట్ ఉండగా క్లయింట్‌కు వెళ్తే అక్షరాలు రాకపోవడమో, వేరేవి రావడమో జరుగుతుంది. సర్వర్‌ను ఇంగ్లీషులో ఉంచి, క్లయింట్‌లోకి వెళ్లాక అక్కడి భాష గుర్తు మీద మౌస్‌తో నొక్కి తెలుగు ఎంచుకోవడం సురక్షితం.

ఆఫీసు ల్యాప్‌టాప్ ఉన్నప్పుడు

కేవీఎం స్విచ్‌కు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు కాబట్టి సాధారణంగా అభ్యంతరం ఉండదు. అయినా మీ సంస్థ ఐటీ విభాగాన్ని అడిగి పెట్టుకోవడమే పద్ధతి. పెన్‌డ్రైవ్‌ను కేవీఎం హబ్ పోర్టులో ఎప్పుడూ పెట్టకండి. మీరు మారిన ప్రతిసారీ అదీ ఆఫీసు యంత్రానికి వెళ్తుంది, దాంతో భద్రతా హెచ్చరికలు రావచ్చు. ఫైలు కాపీ అవుతుండగా మారితే ఆ ఫైలు పాడవుతుంది. వెబ్‌క్యామ్, హెడ్‌సెట్‌లను కూడా మీటింగులు జరిగే ల్యాప్‌టాప్‌కే నేరుగా పెట్టండి, లేకపోతే మీటింగు మధ్యలో పక్క కంప్యూటర్ చూద్దామని మారగానే మీ గొంతు, బొమ్మ రెండూ ఆగిపోతాయి.

ఏ కంప్యూటర్ ముందు ఉన్నామో మరిచిపోయి ఒకదానిలో టైపు చేయాల్సిన పాస్‌వర్డు మరోదాని చాట్ పెట్టెలో కొట్టడం ఎవరికైనా జరగవచ్చు. ఒక్కో కంప్యూటర్‌కు పూర్తిగా వేరే రంగు వాల్‌పేపర్, టర్మినల్‌కు వేరే రంగు పెట్టుకోవడం దీనికి మంచి కాపు.

ల్యాప్‌టాప్ మూత మూసి వాడాలంటే విండోస్ పవర్ ఆప్షన్లలో మూత మూసినప్పుడు ఏమీ చేయవద్దని ఎంచుకోండి. మ్యాక్‌బుక్ అయితే చార్జర్‌కు గానీ చార్జింగ్ ఇచ్చే మానిటర్‌కు గానీ తగిలి ఉండాలి.

చిక్కులు, వాటి మూలాలు

బొమ్మ విషయంలో ఏ తేడా వచ్చినా మొదటి పరీక్ష ఒకటే: కేవీఎంను తప్పించి, అదే కేబుల్‌తో కంప్యూటర్‌ను మానిటర్‌కు నేరుగా పెట్టి చూడండి. నేరుగా కూడా సరిగా రాకపోతే దోషం కేబుల్‌దో కంప్యూటర్‌దో అవుతుంది. 4కే తెర మందకొడిగా కదులుతుంటే విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి ఎన్ని హెర్ట్జ్‌లో చూడండి. 30 అని ఉంటే కేబులో, అడాప్టరో, స్విచ్చో హెచ్‌డీఎంఐ 1.4 స్థాయిదై ఉంటుంది.

మారినప్పుడల్లా విండోలు చెల్లాచెదురవుతుంటే, స్విచ్ మార్చే స్తోమత లేనివారు విండోస్ 11 డిస్‌ప్లే సెట్టింగుల్లో మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద, మానిటర్ కనెక్షన్‌ను బట్టి విండోల చోట్లను గుర్తుంచుకునే ఎంపికను ఆన్ చేసుకోండి. పూర్తిగా తగ్గదు గానీ తేడా తెలుస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ వాడే మానిటర్లలో డీప్ స్లీప్ అనే ఎంపిక మెనూలో ఉంటే దాన్ని ఆపండి, తిరిగి రావడం త్వరగా జరుగుతుంది. ఓటీటీ సినిమా పెట్టినప్పుడు మాత్రమే తెర నల్లబడితే, ఆ స్విచ్ హెచ్‌డీసీపీ కాపీ రక్షణను సరిగా దాటించలేకపోతోందని అర్థం. దాన్ని సెట్టింగులతో సరిచేయలేం, సినిమాలు చూసే కంప్యూటర్‌ను మానిటర్ రెండో పోర్టుకు నేరుగా పెట్టుకోవాలి.

నిద్రపోయిన కంప్యూటర్ కీబోర్డు నొక్కినా లేవకపోతే డివైస్ మేనేజర్‌లో ఆ కీబోర్డు ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ దగ్గర కంప్యూటర్‌ను లేపే అనుమతి ఇవ్వండి. యూఎస్‌బీ హబ్‌ల పేర్ల కింద పవర్ ఆదా కోసం పరికరాన్ని ఆపివేసే టిక్కును తీసేయండి. అప్పటికీ లేవకపోతే, నిద్రలో యూఎస్‌బీకి పవర్ ఇచ్చే ఎంపిక బయోస్‌లో ఆగి ఉందేమో చూసి ఆన్ చేయండి.